మందు ఒకటే, మోసేది వేరు

ఈ నెల సైన్స్ పేజీ రాసే వంతు నాది.

పోయిన నెల ఒక సోమవారం ఫస్ట్ పీరియడ్‌కి వెళ్ళేసరికి ఏడో తరగతి బాబు ఒకడు డెస్క్ మీద తల పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు రెండూ ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. జ్వరమేమో అని నుదురు ముట్టుకుంటే చేతికి జిగటగా తగిలింది, గుప్పున బామ్ వాసన కొట్టింది. జలుబు చేసిందని వాళ్ళమ్మగారు పొద్దున్నే నుదుటికి, ముక్కుకి, మెడకి దండిగా బామ్ పట్టించి, వాన ముసురు కదా అని పైన ఉన్ని టోపీ చెవుల దాకా లాగి, ఆటో ఎక్కించారు. పిల్లలతో కిక్కిరిసిన ఆటో, పక్కన దించిన పట్టాలు, తలకి ఉన్ని టోపీ. చెమట పట్టింది. చెమటతో పాటు బామ్ కళ్ళలోకి దిగింది. టోపీ తీయించి, చల్లటి నీళ్ళతో కళ్ళు కడిగించి, ఫ్యాన్ కింద కూర్చోబెడితే అరగంటలో తేరుకున్నాడు.

సాయంత్రం వాళ్ళమ్మగారికి ఫోన్ చేశాను. పాపం ఆమె చాలా కంగారుపడి, చివరికి ఒక మాట అన్నారు: "ఎప్పుడూ రాసేదే కదా మేడమ్. డబ్బా కూడా కొత్తది కాదే!"

ఆ మాటే నాతో ఈ వ్యాసం రాయిస్తోంది. (ఆమెను అడిగే రాస్తున్నాను.) నిజంగానే డబ్బా అదే, బామ్ అదే, రాసిన చెయ్యీ అదే. మారింది రెండే రెండు: వేడి, పైన మూత. ఆ రెండూ మారితే అదే బామ్ వేరే బామ్ లాగా పనిచేసింది. ఎందుకలా అన్నది మన పిల్లల సైన్స్ పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కల్ని కలిపి చూద్దాం. మార్గశిరం, పుష్యం గడిచేదాకా మన కావలి ఇళ్ళలో జలుబులు తప్పవు కాబట్టి ఇది పరీక్షకు మాత్రమే పనికొచ్చే పాఠం కాదు.

డబ్బా వెనక చిన్న అక్షరాలు

మీ ఇంట్లో ఉన్న బామ్ డబ్బా ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఏ కంపెనీదైనా సరే. వెనక చీమల్లాంటి అక్షరాలుంటాయి, అవసరమైతే కళ్ళజోడు పెట్టుకుని చదవండి. చాలా డబ్బాల మీద ఇంచుమించు ఇవే పేర్లు కనిపిస్తాయి: కర్పూరం, పుదీనా పువ్వు అంటే మెంథాల్, నీలగిరి తైలం, గంధపుర తైలం, కొన్నింటిలో వాము పువ్వు. అన్నీ మొక్కల నుంచి మనిషికి తెలిసొచ్చినవే. కర్పూరం మొదట కర్పూర చెట్టు కలప నుంచి వచ్చేది, ఇప్పుడు ఎక్కువగా సరళ వృక్షం జిగురు నుంచి తీసే టర్పెంటైన్‌తో ఫ్యాక్టరీల్లో తయారవుతోంది.

ఈ పేర్ల పక్కన శాతాలు ఉంటాయి. అన్నీ కూడితే వంద రాదు. మిగిలింది ఎక్కడుందా అని చూస్తే, చివర్లో "బేస్ – క్యూ.ఎస్." అని ఒక పొడి మాట ఉంటుంది. క్యూ.ఎస్. అంటే లాటిన్‌లో "కావలసినంత" అని అర్థం. డబ్బాలో చాలా భాగం ఈ కావలసినంతే. మామూలుగా అది మైనం, పెట్రోలియం జెల్లీ లాంటి పదార్థం. వాసన ఉండదు, మంట ఉండదు, నొప్పిని తగ్గించేదేమీ అందులో లేదు. అందుకే దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. కానీ మందు ఎప్పుడు బయటికి రావాలి, ఎంత రావాలి, ఎంతసేపు రావాలి అన్నది నిర్ణయించేది అదే.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలియనిది కాదు. ఆయుర్వేదంలో అనుపానం అనే మాట ఉంది. మందును దేనితో పుచ్చుకోవాలి, తేనెతోనా, నేతితోనా, పాలతోనా, వేడినీళ్ళతోనా అని వైద్యుడు విడిగా చెబుతాడు. మందు పేరు చెప్పి అనుపానం చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

ఇక్కడ ఒక తెలుగాయన గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ పసుపుపచ్చ బామ్ మీద వచ్చిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది, 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది కూడా మద్రాసులో ఆయన ఇంట్లోనే. సోషల్ పుస్తకంలో ఒడంబడిక చదివే మన పిల్లల్లో చాలామందికి ఆ ఇంటికీ తలనొప్పి డబ్బాకూ సంబంధం ఉందని తెలియదు. చెప్పండి, గుర్తుండిపోతుంది.

హైదరాబాదులో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ ఇంకో దారిలో వెళ్ళింది. అందులోనూ నీలగిరి తైలం, కర్పూరం లాంటివే ఉంటాయి, కానీ మైనం లేదు. సీసాలో ద్రవం. ఒకే కుటుంబానికి చెందిన మొక్కల సరుకు ఒకచోట మైనంలో కూర్చుంది, ఒకచోట సీసాలో కదులుతోంది. ఒకటి రుద్దుకుంటాం, ఒకటి చుక్కలు లెక్కపెట్టి వాడతాం. ఈ తేడా కేవలం కంపెనీల ఇష్టం కాదు. గడ్డగా ఉన్నదాన్ని వేలితో తీసుకుంటే తీసుకున్నంతే వస్తుంది, రాసినచోటే ఉంటుంది. ద్రవం చెయ్యి జారితే సీసా మొత్తం వచ్చేస్తుంది.

ఏసీ బస్సు, షేర్ ఆటో

తొమ్మిదో తరగతి పిల్లలకు నేను దీన్ని ఇలా చెప్పాను. నెల్లూరు నుంచి కావలికి ఏసీ బస్సులో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడు దిగడానికి తొందరపడడు. షేర్ ఆటోలో అంచు మీద ఒంటికాలితో వేలాడేవాడు ఎక్కడ ఆపితే అక్కడ దూకేస్తాడు. కర్పూరం, మెంథాల్ నూనెను ఇష్టపడే పదార్థాలు. నూనెలోనో మైనంలోనో వాటికి ఏసీ బస్సు దొరికినట్టే, మెల్లగా దిగుతాయి. నీళ్ళు వాటికి గిట్టవు. లీటరు నీళ్ళలో కర్పూరం సుమారు ఒక గ్రాము మాత్రమే కరుగుతుంది. నీళ్ళలో వేస్తే గాలిలోకి పారిపోవడానికే చూస్తుంది.

పిల్లలు నవ్వారు గానీ నమ్మలేదు. అందుకని చేసి చూపించాను. ల్యాబ్ కాంటాలో అర గ్రాము చొప్పున నాలుగు వంతులు కర్పూరం పొడి తూచి, ఒకటి ఖాళీ గిన్నెలో, ఒకటి నీళ్ళలో, ఒకటి కొబ్బరినూనెలో, ఒకటి చెంచాతో మెదిపి పెట్రోలియం జెల్లీలో పెట్టాం. నీళ్ళ గిన్నె దగ్గర గోల గోల అయింది, ఎందుకంటే కర్పూరం పలుకులు నీటి మీద తేలుతూ బొంగరాల్లా తిరుగుతాయి. (అది తలతన్యత పాఠం. ఆ రోజుకి దాటేశాను.) కొబ్బరినూనెలో కలిపిన పొడి చూస్తుండగానే కరిగిపోయింది. వాసన చూస్తే ఖాళీ గిన్నె, నీళ్ళ గిన్నె ముక్కు అదరగొట్టాయి. నూనె గిన్నె మెతకగా ఉంది. జెల్లీ గిన్నె ఇంకా మెతక. మూడో రోజు చూస్తే ఖాళీ గిన్నె నిజంగానే ఖాళీ. ఘనం ద్రవం కాకుండానే ఆవిరైపోయింది, పుస్తకంలో ఉత్పతనం అని ఉన్నది ఇదే. జెల్లీ గిన్నెలో మాత్రం వాసన దాచుకుని ఉంది. ఒక పాప వేలితో కొంచెం తీసి చేతి మీద రుద్దింది. రుద్దగానే వాసన లేచింది.

ఎందుకు లేచింది? పల్చగా పరుచుకుంది కాబట్టి గాలి తగిలే చోటు పెరిగింది, ఒంటి వేడి తగిలింది. డబ్బాలో నెలల తరబడి నిద్రపోయే మందు ఛాతీ మీద గంటల్లో బయటికొస్తుంది. మైనం చేసే ఉపకారం అదే, ఒక్కసారి కాకుండా కొంచెం కొంచెంగా వదలడం.

మొక్కల మందును నెమ్మదిగా వదిలించడంలో ఇంతకంటే చక్కటి ఉదాహరణ మన మంచాల కింద ఉంది. దోమల చుట్ట. ఒక రకం చామంతి పూల పొడిలో దోమల్ని కొట్టే గుణం ఉంది, దాని పేరు పైరెత్రమ్. 1890 ప్రాంతంలో జపాన్‌లో ఉయెయామా ఎయిచిరో అనే వ్యాపారి ఆ పొడిని పిండితో కలిపి అగరుబత్తిలా చేశాడు. పనిచేసింది గానీ ముప్పావుగంటలోపే అయిపోయేది. రాత్రంతా ఎవరు మేలుకుని వెలిగిస్తారు? పుల్లను చుట్టగా చుట్టమని సలహా ఇచ్చింది ఆయన భార్య యుకి. చుట్టతో పొడవు పెరిగింది, తెల్లవార్లూ కాలే చుట్ట వచ్చింది. మందు మారలేదు, ఆకారం మారింది. ఇప్పటి చుట్టల్లో ఎక్కువగా ఆ పూల మందుకు నకలుగా ఫ్యాక్టరీలో చేసినవి వాడుతున్నారు, లెక్క మాత్రం అదే.

మనలో వ్యవసాయం చేసేవాళ్ళకు ఇంకో ఉదాహరణ చాలు. వేపనూనె పూసిన యూరియా. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి చేశారు. అక్కడ వేప ఉత్తగా మోసేది కాదు, తనూ పనిచేస్తుంది. యూరియాలోని నత్రజనిని నైట్రేట్‌గా మార్చే నేలలోని సూక్ష్మజీవుల పనిని నెమ్మదింపజేసి, నత్రజని త్వరగా పోకుండా చూస్తుంది.

చల్లదనం వేరు, ఊపిరి వేరు

బామ్ రాస్తే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. నిజంగా తెరుచుకోదు. మెంథాల్ పీల్చిన వాళ్ళ ముక్కులో గాలి దారిని కొలిచి చూస్తే పెద్దగా తేడా ఉండదు, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపించడం మాత్రం పెరుగుతుంది. మన నరాల్లో చల్లదనాన్ని గుర్తుపట్టే గ్రాహకం ఒకటుంది, మెంథాల్ వెళ్ళి దాన్నే తడుతుంది. ఐస్ లేకుండానే ఐస్ తగిలిందని మెదడుకు కబురు వెళుతుంది. మిరపకాయ ఇదే పని వేడి గ్రాహకం దగ్గర చేస్తుంది. ఈ గ్రాహకాల మీద పనిచేసిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అందుకని "ఇంకొంచెం రాస్తే ఇంకొంచెం ఊపిరి ఆడుతుంది" అన్న లెక్క తప్పు. ఇంకొంచెం రాస్తే ఇంకొంచెం చల్లగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెద్దపిల్లల విషయంలో కళ్ళు మండటంతో పోతుంది. మీ ఇంట్లో నర్సరీ పిల్లలు, పసిబిడ్డలు ఉంటే ఈ భాగం దయచేసి రెండుసార్లు చదవండి.

మన చర్మం పైపొర గోడ లాంటిది. చనిపోయిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సిమెంటు. నీళ్ళను ఆపే ఆ సిమెంటు నూనెను ఇష్టపడే కర్పూరానికి దారి ఇస్తుంది. మామూలుగా రాసిన బామ్‌లో చాలా భాగం పైకి, గాలిలోకి పోతుంది. పైన టోపీయో, ప్లాస్టిక్కో, దళసరి దుప్పటో కప్పామనుకోండి, పైకి పోయే దారి మూసుకుంటుంది, చర్మం వెచ్చబడి చెమ్మగిల్లుతుంది, లోపలికి పోయేది పెరుగుతుంది. పసిబిడ్డకు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం మనకంటే చాలా ఎక్కువ. లోపలికి పోయినదాన్ని విరిచి బయటికి పంపే కాలేయం ఇంకా ముదరలేదు. మనకు వేలికొన ఎంతో, ఆ బిడ్డకు అది అంత కాదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అక్క కూతురికి పోయిన ముసుర్లో ఆరు నెలలు. ముక్కు దిబ్బడ వేసి రాత్రంతా ఏడ్చింది. మా అమ్మ చిన్న గిన్నెలో కొబ్బరినూనె పోసి, రెండు కర్పూరం బిళ్ళలు వేసి, పొయ్యి మీద పెట్టింది. వాసన పట్టి వంటింట్లోకి వెళ్ళి వద్దన్నాను. "నిన్ను ఇట్నే పెంచా. మీ అవ్వ నన్ను ఇట్నే పెంచింది. బీఈడీ చదివొచ్చి నాకు చెప్పేదానివైనావా!" అని అమ్మ గిన్నె వదల్లేదు. నా దగ్గర ఆ క్షణాన గట్టి జవాబు లేదు. ఎందుకంటే నేను బాగానే ఉన్నాను, ఆమె బాగానే ఉంది. పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాక గానీ గొడవ తెగలేదు. ఆయన ఒక్కటే అన్నారు: "నూనె రాయండమ్మా, కర్పూరం వద్దు."

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఇదే గిన్నె కథ అమెరికాలో ఎప్పుడో జరిగిపోయింది. అక్కడ పత్తిగింజల నూనెలో నూటికి ఇరవై పాళ్ళు కర్పూరం కలిపి, ఛాతీకి రాసుకోవడానికి సీసాల్లో అమ్మేవారు. రంగులేని నూనె సీసా. ఆముదం అనుకుని తల్లులు పిల్లలకు చెంచాతో తాగించేశారు. ఒక్కసారి కాదు, ఏళ్ళ తరబడి ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. పిల్లలకు ఫిట్స్ వచ్చాయి, ప్రాణాలు పోయాయి. 1982లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆ నూనెను అమ్మకూడదని తీసేయించింది. ఒంటికి రాసే మిగతా మందుల్లో కర్పూరం నూటికి 11 పాళ్ళు దాటకూడదని హద్దు పెట్టింది. అదే కర్పూరం మైనంలో ఉంటే డబ్బాగా బతికిపోయింది, నూనెలో ఉన్నది నిషేధంలోకి వెళ్ళింది. నూనెలో కరిగిన కర్పూరం కడుపులోకి పోతే చాలా త్వరగా రక్తంలో కలుస్తుంది. చిన్నపిల్లల్లో ఒక గ్రాముతో ప్రాణం పోయిన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. ఒక గ్రామంటే హారతి పళ్ళెంలో పెట్టే ఒకటి రెండు బిళ్ళల పాటి బరువు. ఫిట్స్ మొదలవడానికి గంటలు పట్టనక్కర్లేదు, నిమిషాలే చాలు.

గంధపుర తైలం కూడా అంతే. వాసన బాగుంటుంది, కీళ్ళనొప్పుల మందుల్లో ఉంటుంది. ఒక్క టీస్పూను ఆ తైలం ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. మైనంలో కొద్దిపాళ్ళుగా ఉన్నప్పుడు తాతగారి మోకాలికి ఉపశమనం, విడిగా సీసాలో ఉన్నప్పుడు తాతగారి మంచం పక్కనే పాకే బిడ్డకు ప్రమాదం.

2021లో కరోనా రెండో వేవ్‌లో వాట్సాప్‌లో తిరిగిన మూట గుర్తుందా? కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో కట్టి, నీలగిరి తైలం చుక్కలు వేసి, వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని పంపారు. ఆక్సిజన్ పెరగదు. ఆ మూటను ఇప్పటికీ ఉయ్యాలకు కట్టేవాళ్ళున్నారు, మెడలో వేసేవాళ్ళున్నారు. గుడ్డ అసలు దేన్నీ పట్టి ఉంచదు, మా ల్యాబ్‌లోని ఖాళీ గిన్నె లాంటిది. పైగా ఆరు నెలల బిడ్డకు అందినదల్లా నోట్లోకే పోతుంది.

కాబట్టి మీకు నా మనవి. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్ డాక్టరు చెప్పకుండా రాయకండి. చాలా డబ్బాల మీద వయసు రాసే ఉంటుంది, అది అలంకారానికి కాదు. పసిబిడ్డ ముక్కు దగ్గర మెంథాల్ పెడితే ఊపిరి కాసేపు బిగబట్టిన సందర్భాలున్నాయి. పెద్దపిల్లలకు రాసినా ఛాతీకి, వీపుకి, పల్చగా రాయండి. ముక్కు లోపల, కళ్ళ చుట్టూ, గాయాల మీద వద్దు, పైన బిగించి కప్పొద్దు. రాసిన చేతిని సబ్బుతో కడుక్కున్నాకే పాపను ఎత్తుకోండి. డబ్బాలో ఉన్నదాన్ని మీరు ఇంకోదానిలోకి మార్చొద్దు, అంటే వేడి నూనెలో కరిగించడం, పొయ్యి మీద కాచడం లాంటివి. ఆవిరి పట్టించాలంటే ఉత్త వేడినీళ్ళ ఆవిరి చాలు, అదీ గిన్నె పిల్లల ఒళ్ళో కాకుండా పెద్దవాళ్ళ అదుపులో. జలుబు కంటే ఒలికిన వేడినీళ్ళతో ఆసుపత్రికి వచ్చే పిల్లల బాధ పెద్దది. దేవుడి గూట్లో కర్పూరం డబ్బా ఎంత ఎత్తులో ఉందో ఈ రోజే చూడండి. ఎవరైనా మింగితే వాంతి చేయించడానికి ప్రయత్నించకండి, పాలూ పెరుగూ పట్టించకండి. 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బానో సీసానో వెంట తీసుకెళ్ళండి. అందులో ఏముందో డాక్టరుకు అదే చెబుతుంది.

వంటింట్లో మాత్రం నూనె మన పక్షమే

ఇంత చెప్పాక నూనె అంటే భయం పట్టుకుంటుందేమో. అదే సూత్రం వంటింట్లో మనకు మేలు చేస్తుంది. గోంగూర, తోటకూర, మునగాకుల్లో కెరోటిన్ ఉంటుంది, ఒంట్లో అది విటమిన్ ఏ అవుతుంది. కానీ అది కూడా నూనెను ఇష్టపడే రకమే. ఉత్త నీళ్ళలో ఉడికించి పెడితే చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పప్పులో ఒక చెంచా నూనెతో తాలింపు పెడితే పేగు దాన్ని పట్టుకోగలుగుతుంది. అంగన్‌వాడీలో మీ పిల్లలకు ఆరు నెలలకోసారి వేయించిన విటమిన్ ఏ మందు గుర్తుందా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా ఆ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ మందు కూడా నూనెలో కలిపినదే. "సన్నబడాలి" అని పిల్లల ఆకుకూరలో తాలింపు తీసేసే తల్లులు దీన్ని కొంచెం ఆలోచించండి.

పసుపు కూడా ఇంతే. అందులోని కర్‌క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, కరగనిది రక్తంలోకి పోదు. పాలల్లో వెన్న ఉంది కాబట్టి పసుపు పాలు పసుపు నీళ్ళకంటే నయం. మిరియం కలిపితే ఇంకా నయం, కానీ దాని దారి వేరు. మిరియం మోసేది కాదు, పేగులోనూ కాలేయంలోనూ పసుపును త్వరగా విరిచేసే పనిని కాసేపు ఆపుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 1998లో రెండు గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియపు సత్తు కలిపి ఇస్తే, మనుషుల రక్తంలో చేరింది 20 రెట్లు పెరిగింది. దాంతో రోగాలు నయమవుతాయని అనుకోవద్దు, రక్తంలోకి చేరిందని మాత్రమే అర్థం.

ఇక పచ్చడి అన్నం తిని నోరు మండి గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగే పిల్లలకు ఒక్క ముక్క పెరుగు పెట్టి చూడండి. మంట నీళ్ళలో కరగదు, పెరుగులోని కొవ్వూ మాంసకృత్తులూ దాన్ని ఎత్తుకుపోతాయి.

ఈ నెల యాక్టివిటీకి కర్పూరం ఇవ్వడం లేదు, కారణం మీకు ఇప్పుడు తెలుసు. ఆరో తరగతి నుంచి పైవాళ్ళందరికీ పసుపు, కారం చాలు. నాలుగు గాజు గ్లాసులు తీసుకుని రెండింట్లో నీళ్ళు, రెండింట్లో వంటనూనె అర గ్లాసు లోపు పోయండి. ఒక నీళ్ళ గ్లాసులో, ఒక నూనె గ్లాసులో చిటికెడు పసుపు వేయండి. మిగతా రెండింట్లో కారం. కలిపి కదపకుండా రెండు గంటలు ఉంచి, పైన తేరిన తేట రంగు చూడమనండి. ఏది ఎక్కడ కరిగింది, ఏది అడుక్కి దిగింది, బొమ్మ గీసి రంగు వేసి సైన్స్ నోట్‌బుక్‌లో రాయాలి. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె ఎర్రగా ఎందుకుంటుందో ఒక వాక్యం రాయాలి. ఇంగ్లిష్‌లోనైనా తెలుగులోనైనా పర్వాలేదు, కానీ సొంత మాటల్లో. తొమ్మిదో తరగతి వాళ్ళు ఉత్పతనం, ద్రావణీయత నిర్వచనాలు పక్కన రాస్తే అసెస్‌మెంట్‌లో పనికొస్తాయి. నూనె పారబోయకండి, కూరలో వాడుకోండి.

గ్లాసులు మాత్రం పిల్లల చేతే కడిగించండి. నూనె గ్లాసుకు అంటిన పసుపును నీళ్ళు వదిలించలేవు. సబ్బు పెడితే వదులుతుంది, కానీ వదిలే ముందు ఆ పసుపు మరక కాసేపు ఎర్రబడుతుంది. ఎందుకో ఏడో తరగతి వాళ్ళకు తెలుసు, అడిగి చూడండి.